చెరువడుగున పైపుల చెట్లు

ఫిబ్రవరి 2

ఇంటి పుస్తకాన్ని తిరగేసి వెనక పేజీల నుంచి రాస్తున్నాను. ముందు పేజీల్లో సిలిండరు మార్చిన తేదీలు, ఫిల్టరు కడిగిన తేదీలు, ఆయన బీపీ రీడింగులు ఉంటాయి. వాటికోసం ఎవరో ఒకరు తిప్పుతూనే ఉంటారు. వెనక్కి ఎవరూ రారు.

వంటింటి కిటికీలోంచి ఉదయం ఏడింటికి చెరువు మీద నీటికాకులు: 23. నిరుడు ఇదే రోజుల్లో ఆరో ఏడో ఉండేవి. అప్పుడు లెక్కపెట్టలేదు, గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

తమ్ముడు చేపల కోసం చెరువు కౌలుకి తీసుకుని ఇది రెండో ఏడు. ఒప్పందం మూడేళ్లకి. వర్షాల తర్వాత వదిలిన చేపపిల్లలు ఎంతవరకు ఎదిగాయో చూద్దామని నిన్న వల వేశాడు. మూడుసార్లు వేస్తే, మూడుసార్లకీ కలిపి పదకొండు పడ్డాయి. వల మడిచి పడవలో పెట్టుకుని అటునుంచి అటే ఇంటికెళ్లిపోయాడు. మా గట్టు మీదుగానే వెళ్లాలి. టీ పెట్టి ఉంచాను. ఆగలేదు.

చెరువు శుభ్రం చేసినప్పటినుంచే ఇలా అయిందని మరదలు అంటోందట. అలా అనుకోడానికి ఆధారమేమీ లేదు. శుభ్రంగా ఉండటం వల్ల ఎవరికైనా నష్టం జరిగిందని నేను ఇంతవరకు వినలేదు.

ఫిబ్రవరి 5

ఆదివారం. తమ్ముడూ మరదలూ భోజనానికి రాలేదు. పళ్లేలు నాలుగు తీసి, రెండు లోపల పెట్టేశాను.

ఫిబ్రవరి 9

నీళ్లు పరీక్ష చేసే ఆయన వచ్చాడు. తమ్ముడి ఇంటి వరండాలో కూర్చుని సీసాల్లో చుక్కలు వేసి రంగులు చూశాడు. నేనూ వెళ్లాను. మరదలు లోపల ఏదో సర్దుతోంది కాబట్టి టీ నేనే పోశాను.

"నీళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి," అన్నాడు.

"మరి పిల్లలన్నీ ఏమైపోతున్నాయి సార్?" అన్నాడు తమ్ముడు.

"ఏమైపోతాయి, ఆ నల్ల పిట్టల కడుపులోకి పోతున్నాయి. ఈ చెరువులో నీటమునిగిన మోళ్లూ దుంగలూ బోలెడు ఉండాలే. ఓ పడవ కూడా మునిగి ఉండేది. ఏవీ అవన్నీ?"

"తీయించేశాను. వలకి తగులుకుంటున్నాయని."

"ఎవరిచ్చారయ్యా ఈ సలహా?"

"ఎవరిస్తారు సార్, నాకే తోచింది," అన్నాడు తమ్ముడు.

లోపలినుంచి మరదలు: "ఈయనకి ఒకటి తోచిందంటే ఇంక ముందూ వెనకా ఉండదు సార్. నున్నగా గొరిగించేశారు."

కప్పు నిండి టీ సాసర్లోకి పోయింది. తుడిచేశాను.

ఆయన చెప్పింది ఇది. చిన్న చేపకి దాక్కోడానికి చోటు కావాలి. మోళ్లకీ కొమ్మలకీ పాచి పడుతుంది, ఆ పాచిలో పురుగులుంటాయి, పిల్లలకి అదే తిండి. చెరువడుగు చదునుగా, బోడిగా ఉంటే పిట్టకి పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. ఇప్పుడు మళ్లీ చెట్లు తెచ్చి ముంచాలంటే పెద్ద పని. ప్లాస్టిక్ పైపులు నిలువునా, ఏటవాలుగా సిమెంటులో గుచ్చి చెట్టులా చేసి నీళ్లలో దింపితే, కుళ్లవు, ఏళ్లతరబడి ఉంటాయి, చేపలు చేరతాయి.

"మే నెలలోపు పిల్లలు కనబడితే చెరువు ఉంచుకో. లేకపోతే నీ ఇష్టం," అని సీసాలు సర్దుకున్నాడు.

తమ్ముడి ఇష్టం కాదు అది. వేరే ఊళ్లో ఐసు ఫ్యాక్టరీలో పని ఉందని మరదలి తరఫువాళ్లు కబురు పెట్టారు. ఇల్లు కూడా వాళ్లే ఇస్తారట. చిన్నప్పటినుంచీ నీళ్లలో తిరిగినవాడు. వాడు వెళ్లి ఐసుగడ్డలు లెక్కపెడతాడా?

ఫిబ్రవరి 10

ఒక చోట రాసి ఉంచడం మంచిది. నిరుడు ఏప్రిల్‌లో నీళ్లు బాగా తగ్గినప్పుడు చెరువు అడుగు శుభ్రం చేయడం జరిగింది. మోళ్లు 31, కూలిన చెట్లు 4, పాత పడవ 1, తుక్కు ఆరు ట్రాక్టర్లు. నాలుగు రోజులు పట్టింది. చేసినవాళ్లకి భోజనాలు మా ఇంట్లోనే. ఎవరి ఆలోచన అన్నది ఇప్పుడు అనవసరం.

ఫిబ్రవరి 14

పైపులకి కొదవ లేదు. ఆయన ప్లంబరు, మేడ మీద గదినిండా మిగిలిన ముక్కలే. ఎన్నేళ్లనుంచో తీసేయమంటున్నాను. ఈరోజు అన్నీ దింపించాను. నాలుగడుగుల చొప్పున కోయించాను. ఐదు లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాలు ఇరవై. ఒక్కో డబ్బాలో సిమెంటు పోసి పన్నెండు పైపులు గుచ్చాలి.

"ఆ గది ఖాళీ చేయించడానికి నీకు చేపలు సాకు," అన్నారాయన.

"కోయండి మాట్లాడకుండా."

"నీళ్లు లోపల పారే పైపులు ముప్పై ఏళ్లుగా వేస్తున్నాను. పైపులే నీళ్లలో పారడం ఇప్పుడే చూస్తాను."

ఫిబ్రవరి 16

తమ్ముడు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "అక్కా, ఇదంతా నీకెందుకు?" అన్నాడు. ఎందుకో అప్పుడు చెప్పి ఉండొచ్చు. సిమెంటు గట్టిపడిపోతోందని తాపీ వాడి చేతికిచ్చాను.

ఫిబ్రవరి 22

ఇరవై చెట్లు పూర్తి. పెరట్లో వరసగా నిలబెడితే ముచ్చటేసింది. పైపుల కొసలు తెరిచి ఉంటే బురద చేరుతుంది, లోపల ఏదైనా ఇరుక్కుని చచ్చినా తెలియదు. అందుకని ప్రతి కొసకీ మూత బిగించాను. రెండువందల నలభై మూతలు. ఒక్కటి వదులుగా లేదు. ఆయన చూసి ఏదో అనబోయి ఊరుకున్నారు.

మార్చి 1

దింపాం. తాడుకి ఆరడుగులకో ముడి వేసి ఇచ్చాను, ఎడం తప్పకుండా. చెరువు నడిమధ్య, అన్నిటికన్నా లోతున్న చోట, నాలుగు వరసలు, వరసకి ఐదు. పిట్టలు అంత లోతుకి రావని. తమ్ముడు పడవ నడిపాడు, ఆయన ఒక్కోటీ జారవిడిచి గెడతో అడుగు బురదలోకి నొక్కారు. నేను గట్టు మీద కాగితం పట్టుకుని టిక్కులు పెట్టాను. బుడగలు కూడా రాలేదు. దిగినవి దిగినట్టే కనబడ్డాయి.

మరదలు చాలా రోజుల తర్వాత నవ్వింది.

మార్చి 2

పొద్దున్న ఏడింటికి కిటికీ తీశాను.

తేలాయి. ఇరవయ్యీ. డబ్బాలు కిందకి వేలాడుతున్నాయి, పైపుల కొసలు జానెడేసి పైకి. గాలికి మెల్లగా ఈ ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో నీటికాకి, రెక్కలు ఆరబెట్టుకుంటూ. కొన్నిటి మీద రెండు.

మూతలు బిగించిన పైపుల్లో గాలి, రాత్రికి బురద పట్టు వదిలింది. అంతే. అంత చిన్న సంగతి.

చెరువు చుట్టూ జనం చేరారు. ఎవరో ఫోటోలు తీస్తున్నారు. మరదలు నడుం మీద చెయ్యి వేసుకుని చూసి, "కాకులకి కుర్చీలు వేయించారా?" అంది. నన్ను కాదు, తమ్ముణ్ణి.

"మూతలు నేనే పెట్టించాను. బురద చేరుతుందని," అన్నాడు వాడు.

"మీ తెలివికి దండం."

నేను అక్కడే ఉన్నాను. మూడడుగుల దూరం. ఇంతలో సిలిండరు అబ్బాయి పిలుస్తున్నాడని ఆయన అంటే ఇంటికి వచ్చేశాను.

మార్చి 3

నీటికాకులు 31.

మార్చి 6

మూతలు తీస్తున్నాం. పైగా ప్రతి పైపుకీ మూడేసి చిల్లులు. డ్రిల్లు ఆయన పట్టుకున్నారు, పైపు నేను.

"తేలతాయని మీకు ముందే తెలుసు కదూ?"

"పైపుల పని చేసేవాణ్ణి, తెలియకేం?"

"మరి నోరు విప్పలేదేం?"

"నీకు చెప్పడమా? మనకి పెళ్లయి ఇన్నేళ్లయింది. నేను చెప్పగా నువ్వు విన్న పని ఒక్కటి చూపించు, ఈ డ్రిల్లు ఇక్కడే వదిలేస్తాను."

వెతికాను. దొరకలేదు. కాసేపటికి ఆయనే అన్నారు, "నేనంటే మొగుణ్ణి, వినకపోయినా ఫరవాలేదు. నీ తమ్ముడు చూడు పాపం. నువ్వు అంటే చాలు, వాడికది శాసనం."

ఇది నిజం కాదు. వాడికి వాడి ఆలోచనలున్నాయి.

మార్చి 11

మళ్లీ దింపాం. ఈసారి బుడగలు వచ్చాయి, చాలాసేపు. ఇరవైకి ఇరవై మునిగాయి. 

మార్చి 12

ఈరోజూ మునిగే ఉన్నాయి.

మార్చి 30

వల. మూడుసార్లకి తొమ్మిది. పదకొండుకన్నా తక్కువ.

వలలు బాగుచేసే పెద్దమ్మని పిలిపించాను. తమ్ముడికి వల పట్టడం నేర్పింది ఆవిడే. వయసు ఎనభైకి పైనే, కళ్లు మాత్రం సూదిలో దారం ఎక్కిస్తాయి. గట్టు మీద చతికిలబడి, ఎక్కడ వేశారు, ఎలా వేశారు అని అడిగింది. నా కాగితం చూపించాను. వరసలు, ఎడాలు, లోతు.

కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వింది.

"ఏమే, ఇదేమన్నా అలమారా? చేపల్ని డబ్బాల్లో పోసి మూత పెడతావా?"

"మరెలా వేయాలి పెద్దమ్మా?"

"ఎండలు ముదిరాక అంత లోతులో చేపకి ఊపిరాడదు. ఎవరుంటారక్కడ? ఛాతీలోతు నీళ్లలో వెయ్. ఒకదాని మీద ఒకటి పడేలా, చిక్కుగా, గుబురుగా. పెద్ద చేప దూరలేనట్టు, పిట్ట ముక్కు పెట్టలేనట్టు. చిన్నప్పుడు నువ్వు దాగుడుమూతలు ఎక్కడాడావు? తుడిచిన హాల్లోనా, సామాన్ల గదిలోనా?"

నేను సామాన్ల గది సర్దేదాన్ని. అది చెప్పలేదు.

వెళ్తూ వెళ్తూ అంది: "ఆ మోళ్లు పీకే ముందు నీ తమ్ముడు నన్ను అడిగాడు. వద్దురా, చెరువు చెడుతుందని చెప్పాను. వాడికీ తెలుసు వద్దని. 'అక్క చెప్పింది పెద్దమ్మా' అన్నాడు. ఇంక నేనేం మాట్లాడను?"

ఆటో మాట్లాడి పంపించాను.

వాడికి తెలుసు. తెలిసే చేశాడు.

మార్చి 31

మరదలికి చెప్పాలి.

ఏప్రిల్ 1

కుదరలేదు. మరదలికి తలనొప్పట.

ఏప్రిల్ 4

వెళ్లాను. వాళ్లింట్లో ఎవరో ఉన్నారు. కుదరలేదు.

ఏప్రిల్ 6

ఎవరూ లేరు. అలమార కింద దుమ్ము గురించి మాట్లాడి వచ్చేశాను.

ఏప్రిల్ 8

చెట్లన్నీ లాగి, మా గట్టు వైపు ఛాతీలోతులో వేశాం. నేనూ దిగాను. ఆయన పాత ప్యాంటు తొడుక్కుని, నడుముకి తాడు బిగించుకుని. "ఈ ప్యాంటు ఇంత అందంగా ఎప్పుడూ లేదు," అన్నారాయన. తమ్ముడు పడవ అంచు పట్టుకుని నవ్వాడు. వాడు నవ్వితే పదేళ్లవాడిలా ఉంటాడు.

ముడుల తాడు తీసుకెళ్లలేదు. ఒకదాని మీద ఒకటి తోశాం. చూడ్డానికి ఘోరంగా ఉంది. చెయ్యి ఊరుకోక ఒకదాన్ని నిటారుగా నిలబెట్టబోతే, ఆయన కాలితో తన్ని పడేశారు.

ఏప్రిల్ 17

అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

సాయంత్రం నాలుగింటికి తమ్ముడింటికి వెళ్లాను, వాళ్ల స్టీలు గిన్నెలు రెండు తిరిగివ్వడానికి. తలుపు ఓరగా ఉంది. ఐసు ఫ్యాక్టరీ నుంచి ఉత్తరం వచ్చినట్టుంది. మే పదో తేదీలోపు వస్తాడో రాడో చెప్పాలి. మరదలి గొంతు:

"వద్దంటే విన్నారా? ఆరోజు కాళ్లమీద పడినంత పని చేశాను, ఏడాది చూసి చేద్దామన్నాను. నున్నగా పీకించి కూర్చున్నారు. పోనీ పైపులైనా సవ్యంగా వేశారా? మూతలు పెట్టించారు! చెరువు మీద మనసున్న మనిషి చేసే పనేనా ఇది?"

తమ్ముడు గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. ఆ నిలబడటం నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన వాటన్నిటికీ వాడు అలాగే నిలబడేవాడు.

గిన్నెలు గుమ్మంలో పెట్టి లోపలికి వెళ్లాను.

"చెరువు శుభ్రం చేయమన్నది నేను," అన్నాను. "వాడు వద్దన్నాడు. రెండుసార్లు వద్దన్నాడు. ఇంత చెత్తలో ఏం పెరుగుతాయిరా అని నేనే పోరాను. మనుషుల్ని మాట్లాడింది నేను. మూతలు కూడా నేనే."

మరదలు నావైపు చూడలేదు. వాణ్ణి చూసింది.

"నిజమా?"

"నిన్నెవరు చెప్పమన్నారక్కా?" అన్నాడు వాడు, కోపంగా. వాడికి నామీద కోపం రావడం ఎప్పుడూ చూడలేదు. "అయిపోయిన దాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు వదినా?" అంది మరదలు.

నన్నెవరూ అడగలేదని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఏడాదినుంచీ ఈయన్ని నేను అనని మాట లేదు. తింటుంటే అన్నాను, పడుకుంటే అన్నాను, మావాళ్ల ముందు అన్నాను. ఆ మాటలన్నీ ఇప్పుడు నేను ఎక్కడ పెట్టుకోను?"

నేను నిలబడే ఉంటే, తనే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గట్టిగా కాదు.

ఏప్రిల్ 18

ఫిబ్రవరి 10న రాసింది తప్పు. ఇలా ఉండాలి: నిరుడు ఏప్రిల్‌లో చెరువు అడుగు శుభ్రం చేయించింది నేను.

అంకెలు మాత్రం సరైనవే.

ఏప్రిల్ 20

నీటికాకులు 26. చెరువుకి అటువైపు తమ్ముడింటి కిటికీ మూసి ఉంది.

ఏప్రిల్ 23

ఆదివారం. ఇద్దరమే. తిన్నాం.

ఏప్రిల్ 29

తమ్ముడు గట్టు మీద కనబడ్డాడు. తలూపాడు. నేనూ ఊపాను. ఆ ఊపడంలో ఏముందో ఆయన్ని అడిగితే, "తల ఉంది," అన్నారు.

మే 4

ఆయన ఒక పని చేశారు. వెడల్పాటి పైపు ముక్క కింద గాజుపలక అతికించారు. నీళ్లలో గుచ్చి పైనుంచి చూస్తే అడుగు కనబడుతుంది. ఎవరూ అడగలేదు, తనకే తోచింది. ఉదయం ఇద్దరం నీళ్లలోకి నడిచి వెళ్లాం. ముందు ఆయన చూశారు, చాలాసేపు. ఏమీ చెప్పకుండా నాకిచ్చారు.

పైపులన్నిటికీ పచ్చటి నూగు పట్టింది. మొదట అదే కనబడింది, ఎంత మురికిగా ఉందో అనుకున్నాను. తర్వాత ఆ నూగు కదిలింది. నూగు కాదు. వేలెడంత పిల్లలు, పాచిని కొరుకుతూ, పైపుల మధ్య నుంచి వస్తూ పోతూ. ఒకటి చిల్లులోంచి తల బయటపెట్టి మళ్లీ లోపలికి జరిగింది.

నలభై మూడు వరకు లెక్కపెట్టాను. అక్కడ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ కలిసిపోయాయి.

"ఎన్ని?" అన్నారాయన.

"తెలియదు."

నా నోటినుంచి ఆ మాట విన్నందుకు ఆయన అటు తిరిగి నవ్వుకున్నారు, నీళ్లలో పడబోయారు కూడా.

మే 8

తమ్ముడు గుబురు చుట్టూ వల వేశాడట. ఒక్కసారికి 64. మా ఆయన దగ్గరుండి చూసి వచ్చారు. నన్ను పిలవలేదు. పిలవాల్సిన అవసరమూ లేదు.

మే 10

ఐసు ఫ్యాక్టరీకి రానని ఉత్తరం వెళ్లింది. రాసింది తమ్ముడు కాదు, మరదలట. "ఇంకో ఏడు చూద్దాం" అందట. ఇదంతా ఆయన చెప్పగా విన్నదే. బజ్జీల బండి దగ్గర తమ్ముడు కనబడి చెప్పాడట.

చెరువు నిలిచింది. ఇంట్లోంచి బయటికి వచ్చి గట్టు మీద కాసేపు నిలబడి వచ్చాను. పనేమీ లేదు, ఊరికే.

మే 16

మధ్యాహ్నం మరదలు వచ్చింది. గుమ్మం దాటలేదు. నెల రోజుల తర్వాత చూడటం. చిక్కింది.

"కూర్చో," అన్నాను.

"పనుంది." చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. "ఇంకో పది చెట్లు కావాలి. మా ఒడ్డు వైపు. మీరు చేసివ్వండి."

"రేపే మొదలుపెడతాను."

"వేసేది మాత్రం నేను వేస్తాను."

"సరే."

"ఎక్కడ వేయాలో కూడా నేనే చూసుకుంటాను."

"సరే అన్నాను కదా."

"మీమీద కోపం పోయిందని కాదు వదినా," అంది.

"తెలుసు."

"పోయినప్పుడు చెబుతాను," అని వెళ్లిపోయింది. మంచినీళ్లయినా ఇవ్వలేదు నేను. అడగడం మర్చిపోయాను.

మే 24

పది చెట్లూ బండి మీద వాళ్లింటికి తీసుకెళ్లాం. పడవ తమ్ముడు నడిపాడు, మరదలు నిలబడి ఒక్కోటీ దింపింది. నన్ను ఒడ్డున రాయి మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను. కాగితం తీసుకెళ్లలేదు, కలమూ తీసుకెళ్లలేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మొదటిది పక్కకి ఒరిగి పడింది. రెండోది దాని మీదకే వాలింది. మూడోదాన్ని రెండు చేతులా పట్టుకుని మరదలు ఆగింది. ఇటు తిరిగి చూసింది. ఏమైనా అంటానేమోనని తమ్ముడు కూడా తెడ్డు ఆపాడు.

"ఇదెక్కడ వదినా?" అంది.

ఎడమవైపు రెండు మూరల అవతల మంచి చోటుంది. ఒడ్డునుంచే కనబడుతోంది.

"నీ ఇష్టం," అన్నాను.

కుడివైపు వేసింది.